అక్క గురువారమే బయల్దేరింది

మొన్న ఆదివారం పేపరుతో వచ్చిన రంగురంగుల పుస్తకంలో, వేడి దేశాల్లో వానాకాలం ప్రయాణాలు చేసేవారికి సూచనలంటూ రెండు పేజీలు అచ్చేశారు. నీళ్లు దిగని సంచి కొనుక్కోవాలట, త్వరగా ఆరే బట్టలు పెట్టుకోవాలట, ముఖ్యమైన కాగితాలకి ప్లాస్టిక్ కవరు తొడగాలట. మా మనవరాలు ఆ పేజీలు చింపి దాచుకుంది. ఉద్యోగం పనిమీద దానికి వచ్చే వారం శ్రీలంక ప్రయాణం ఉంది. అక్కడ కురుస్తున్న వానలు టీవీలో చూసి మా అబ్బాయి "ఇప్పుడొద్దు, తర్వాత చూద్దాం" అంటాడు. ఇద్దరూ కలిసి తీర్పు నన్ను చెప్పమన్నారు. నేను తీర్పు మానేసి మా అక్క సంగతి ఎత్తుకున్నాను. వయసు మీదపడ్డాక ఇదో సౌకర్యం, అడిగినదానికే జవాబు చెప్పాలని ఎవరూ పట్టుబట్టరు.

స్వరాజ్యం వచ్చిన మరుసటేడు. ముసునూరుకి కాస్త ఇవతల మా ఊరు. అక్కకి ఇరవై నాలుగేళ్లు, నాకు ఇరవై. పెళ్లైన రెండేళ్లకే బావ పోతే అక్క పుట్టింటికి వచ్చేసి, ఎవరి నోటికీ జవాబు చెప్పకుండా చదువుకుని టీచరు ట్రైనింగు పూర్తిచేసింది. నేను ఇంటర్మీడియెట్ రెండుసార్లు తప్పి, మూడోసారి తప్పడానికి కావలసిన తీరిక కూడగట్టుకుంటున్నాను. అప్పుడే అక్కకి ఆర్డరొచ్చింది. విస్సన్నపేటలో ఆడపిల్లల బడి. సోమవారం పొద్దున్న బడి గంటకల్లా హాజరు కాకపోతే, జాబితాలో ఆ కింది పేరువాళ్లకి ఇచ్చేస్తారని అందులోనే రాశారు. నాన్న లేని ఇంట్లో పెదనాన్న మాటే మాట. ఆయన చెడ్డవాడు కాదు, లోకానికి జడిసే మనిషి. ఆ జడుపు బయటికి కనపడకుండా పంచాంగం అడ్డం పెట్టుకునేవారు.

గురువారం పొద్దున్న అరుగుమీద కూర్చుని, చూరు నీళ్లు చూస్తూ, "ఇవాళ పదిలోపు దివ్యమైన ఘడియ. ఏం లాభం, వాన!" అని నిట్టూర్చారు. విస్సన్నపేట మాకు పడమర. శుక్రవారం ఆ దిక్కుకి వారశూల, ప్రయాణం కూడదన్నారు. శుక్రవారమంతా, రాత్రంతా కురిసింది. శనివారం తెల్లవారేసరికి ఊరికీ మామిడితోటలకీ మధ్య ఉన్న వాగు ఎర్రగా పొంగింది. అక్క తడిగుడ్డ పిండి ఆరేసి వచ్చి, అరుగు కింద నిలబడింది.

"ఇవాళ వర్జ్యం. రేపు మళ్లీ శూల. వాగు చూశావా?" అన్నారు పెదనాన్న తలెత్తకుండానే. "మంగళవారం తర్వాత ఆలోచిద్దాం."

"సోమవారం దాటితే ఉద్యోగం ఉండదు పెదనాన్నా."

"పోతే పోయింది. శకునం చూసుకోకుండా గడప దాటతావా?"

"నాకు ఎదురు రావడానికి ఈ ఊళ్లో నాకంటే అపశకునం ఎవరున్నారు?"

వంటింట్లో పెద్దమ్మ చేతిలో గరిట చప్పుడు ఆగిపోయింది. పెదనాన్న కళ్లజోడు తీసి ఉత్తరీయంతో తుడుచుకున్నారు. అక్క గొంతు పెంచలేదు. "అయినా నేను ఇవాళ బయల్దేరడం లేదు. గురువారమే బయల్దేరాను. నా మూట తోటలో ఉంది" అంది.

ఈ కాలంవాళ్లకి తెలియదు గానీ, ప్రస్థానమని ఒక ఆచారం ఉండేది. మంచి ఘడియ ఉండి మనిషి కదలలేకపోతే, తనకి అవసరమైన వస్తువులతో ఒక మూట కట్టి, వెళ్లే దిక్కున ఊరి బయట ఎవరింట్లోనో ఆ ఘడియకి పెట్టించేవాళ్లు. మూట కదిలితే మనిషి కదిలినట్టే. అయిదు రోజుల్లోపల వెళ్లి దాన్ని కలుసుకోవాలి. కలుసుకోకపోతే మహా అరిష్టం. ఇదంతా మాకు నేర్పింది పెదనాన్నే.

ఆయన వేళ్లమీద లెక్క మొదలుపెట్టారు. "ఎన్నింటికి పంపావు?"

"తొమ్మిదిన్నరకి."

"మోసిందెవరు?"

"పళ్లబుట్ట తెచ్చిన తోట కాపలాదారు భార్య. ముత్తైదువే."

పెదనాన్న పంచాంగం మూసేశారు. తన పంచాంగమే తనమీద తిరగబడ్డ మనిషిని నేను చూడడం అదే మొదలు. దాన్ని గూట్లో పెట్టేసి, "మగతోడు లేకుండా వెళ్లడానికి వీల్లేదు" అన్నారు. ఇంట్లో చేతికందిన మగవాణ్ణి నేనే. పాలకి తోడు వేసినట్టు నన్ను అక్కకి తోడు వేశారు. తీరా గడ్డకట్టింది తోడే!

గడ్డకట్టింది వాగు ఒడ్డున. జీవితంలో నేను వాగకుండా నిలబడింది ఆ వాగు దగ్గరే. అవతలి ఒడ్డున కాపలాదారు, నెత్తిన గోనెసంచి టోపీలా మడిచి పెట్టుకుని, కాయలు కోసే చిక్కం కర్ర మా వైపు చాపాడు. చివర వలసంచి కట్టిన పొడుగాటి వెదురు అది. చెట్టు చిటారున ఉన్న కాయని కూడా నేల తగలకుండా దించుతుంది. అక్క కొంగు బిగించి, కర్ర పట్టుకుని, నడుంలోతు నీళ్లలో అడుగు తీసి అడుగు వేసుకుంటూ దాటేసింది.

"నాకు ఈత రాదు!" అని అరిచాను.

"ఈదడానికి చాలవండి చినబాబుగారూ, మునగడానికే సరిపోతాయి!" అన్నాడు కాపలాదారు. "కిందకి చూడమాకండి. కర్ర వదలమాకండి."

"ఒరేయ్ మగతోడూ, రారా!" అని అక్క కేకేసింది.

ఎలా దాటానో చెప్పలేను. కళ్లు మూసుకున్నాను. చిటారుకొమ్మ కాయలా నన్ను అవతలికి దించారని మాత్రం చెప్పగలను.

అసలు గండం గుడిసెలో ఉంది. రెండు రోజుల వానకి తాటాకు కప్పు కారి, నేలంతా బురదయింది. మూటలో ఉన్నవి రెండు చీరలే కాదు, ఆర్డరు కాగితం కూడా. ప్రస్థానం మూటలో మనిషి వదులుకోలేనిది ఉండాలన్న మాట పట్టుకుని అక్క దాన్ని అందులోనే పెట్టింది. ఆ కాగితం సిరా కరిగితే అక్క ఎవరో, ఎందుకొచ్చిందో చెప్పడానికి ఇంకేమీ లేదు. వాగులో వణకని అక్క, "మూటేదమ్మా?" అన్నప్పుడు వణికింది.

కాపలాదారు భార్య నవ్వింది. "పెద్దరసాల్ని ఎక్కడ పెడతామండి అమ్మాయిగారూ? అక్కడే పెట్టా." మూలన రాళ్లమీద పరిచిన పలకలపై, తాటాకు చాపలు కప్పిన ఎండుగడ్డి. ఆ ఏటి చివరి మామిడికాయల్ని అందులో మగ్గబెట్టారు. ఆవిడ గడ్డిలో మోచేతిదాకా చెయ్యి దూర్చి, నాలుగు పళ్లతో పాటు మూటని బయటికి లాగింది. పొడిగా, గోరువెచ్చగా ఉంది. కాగితం మడత విప్పితే గుడిసంతా పళ్ల వాసన గుప్పుమంది. ఒక మూల పసుపు మరక. అక్షరం చెదరలేదు.

కాయలు తోలే బండిమీద, బురదలో దిగబడి లేస్తూ, ఆదివారం పొద్దుగూకేసరికి విస్సన్నపేట చేరాం. సోమవారం హెడ్మాస్టరుగారు కాగితం అందుకుని, చదవబోయే ముందు వాసన చూశారు. "ఇది ఆర్డరా అమ్మా, పెద్దరసమా?"

"రెండూనండి. ముందు సంతకం ఎక్కడ పెట్టాలో చెప్పండి" అంది అక్క.

రిటైరయ్యేదాకా ఆ సంతకం మానలేదు. పెదనాన్న మాత్రం బతికున్నంతకాలం, "నా పంచాంగం ప్రకారమే వెళ్లింది" అని ఊరంతా చెప్పుకున్నారు. అది అబద్ధమని అనలేం.

నేను చెప్పడం ముగించేసరికి మనవరాలు అక్కడ లేదు. సాయంత్రం మా అబ్బాయి దాని గదిలోకి తొంగిచూసి, "పెట్టె ఏదీ?" అన్నాడు. "కింది వాటా ఆంటీగారింట్లో ఉంది నాన్నా. నేను బయల్దేరిపోయాను" అంటోంది అది. వాడు నా వైపు తిరిగాడు. నేను పేపరు అడ్డం పెట్టుకున్నాను. కాలం మన వాన వెలిసేదాకా ఆగదు. మనం కాలు కదపలేని రోజున కూడా, దాని దారిలో ఒక మూట ముందుగా పెట్టి ఉంచొచ్చు.