ఉప్పు తిన్న ఎలుకలు, మా మామ

మా పావగడ తాలూకాలో వాన తప్ప మిగతావన్నీ వేళకు వచ్చే ఆ రోజుల్లో, బెంగళూరులో ఒక కాలేజీ ప్రయోగశాలలో ఎలుకలకు మేత పెట్టే ఉద్యోగం నాకు దొరికింది. (బి.యస్సీ., ఫస్ట్ క్లాసు. ఎలుకలు అడగలేదు, నేనే చెప్పుకుంటున్నాను.) వాటికి ముందు సూదిమందుతో షుగరు తెప్పించేవాళ్ళం, తర్వాత సగం ఎలుకలకు మామూలు మేత, మిగతా సగానికి ఉప్పు ఎక్కువ కలిపిన మేత పెట్టి, ఏ గుండె ఎలా కొట్టుకుంటోందో రాసుకునేవాళ్ళం.

నన్ను చదివించిన మేనమామకూ షుగరే. వై.ఎన్.హొసకోట డాక్టరు తీపి మానమన్నాడని బెల్లం మొహం చూడటం మానేసి, తీపికి విరుగుడు ఉప్పేనని తనకు తానే తీర్మానించుకున్నాడు. (మా వైపు చాలామంది తీర్మానం అదే.) సంగటిలోకి ఊరిబిండి పచ్చడి, దాని మీద ఇంకో చిటికెడు ఉప్పు, సాయంత్రమైతే ఉప్పునీళ్ళలో ఉడికించిన శెనక్కాయలు. ఆ ఏడు కాయ పీకే రోజుల్లో నేను సెలవు మీద పోతే, చేని గట్టు ఎక్కేసరికే మామ ఆయాసపడి కూర్చుని, ఉప్పు కాయలు ఒళ్ళో పోసుకుని అడిగాడు.

"ఏమప్పా అల్లుడా, ఎలకలకు గూడా షుగరు వస్తాదా?"

"మేమే తెప్పిస్తాం మామా."

"దానికి చదువు యాలప్పా? మీ అత్త చేతి పాయసం చాలు. సరేగానీ, ఉప్పు తినిన ఎలకలు ఎట్లుండాయి?"

కొన్నిటి గుండె నీరసంగా కొట్టుకుంటోందని అప్పటికే నా నోటుపుస్తకంలో ఉంది. కానీ లెక్కంతా తేలేదాకా ఎవరికీ ఏమీ చెప్పకూడదని మా ప్రొఫెసరు నియమం. నేను నియమాల మనిషిని.

"ఇంకా తేల్లేదు మామా."

"తేలినాక చెప్పప్పా. అంతదాకా తింటా ఉంటా," అని నాకూ ఒక గుప్పెడు పోశాడు. తిన్నాను. బాగున్నాయి.

చలికాలంలో మామ పోయాడని టెలిగ్రాం వచ్చింది. గుండె, అన్నారు. ఉప్పు వల్లనో, షుగరు వల్లనో, ఎండిపోయిన మూడు బోర్ల వల్లనో నేను చెప్పలేను. ఒక్కదాన్ని చూసి ఏదీ తేల్చకూడదన్నది కూడా ప్రొఫెసరు నియమమే; మామ నాకు ఒక్కడే.

మూడోనాడు సమాధి దగ్గర ఆయనకు ఇష్టమైనవన్నీ విస్తట్లో పెట్టాలి. అత్త సంగటి పెట్టింది, ఊరిబిండి పెట్టింది, చేతిలో ఉప్పు పట్టుకుని ఆగిపోయింది.

"నాయనా, నువ్వు చదువుకున్నోడివి. ఇది వెయ్యాల్నా, వద్దా?"

బంధువులంతా నా వైపు చూశారు.

"వెయ్యత్తా. రొంత ఎక్కువే వెయ్యి," అన్నాను. రుజువు లేకుండా నేను గట్టిగా చెప్పిన మొదటి మాట అదే.

ఇప్పుడు నాకు మామ వయసు దాటింది. ఎవరి కంచంలో ఉప్పు ఎక్కువ కనబడినా, అడగకపోయినా చెప్పేస్తాను. మా ఇంట్లో వాళ్ళు ఈ మధ్య నేను రాకముందే తిని లేస్తున్నారు. లేవనీ.