మత్తడి కాలువ మాట రాయని రిపోర్టు

1948 ఎండకాలం చివర్లో నన్ను ఇబ్రహీంపట్నానికి సబ్ ఓవర్సీరుగా వేశారు. చెరువుల పనిలో అందరికన్నా కింది ఉద్యోగం అది. పైన ఓవర్సీరు, ఆయన పైన పట్నంలో ఇంజనీరు. వానలు పడేలోపు నా కింద ఉన్న చెరువుల కట్టలన్నీ నడిచి చూడాలి, తూములు చూడాలి, మత్తడి చూడాలి, చూసింది తనిఖీ పుస్తకంలో ఎక్కించాలి. మత్తడి అంటే చెరువు నిండాక మిగులు నీళ్లు పొర్లిపోయే రాతికట్టు. కోస్తావాళ్లు అలుగు అంటారు. మత్తడి దూకిన నీళ్లు కాలువ పట్టుకుని కింది చెరువుకు పోతాయి. ఆ దారి మూసుకుపోతే నీళ్లు కట్ట మీదికి వస్తాయి.

ఉద్యోగులు ఊళ్లకు పోవడానికి జంకే రోజులవి. ఒక దిక్కు దొరల మీద తిరగబడ్డ సంగం దళాలు, ఒక దిక్కు రజాకార్లు, నడుమ నిజాం పోలీసు క్యాంపులు. ఊళ్లోకి పోతే దొర పంపిన మనిషివా అని అడిగేవారు. తిరిగొస్తుంటే పోలీసులు దళంవాళ్లకు ఏం చెప్పి వచ్చావని అడిగేవారు. నా తోటివాళ్లు కొందరు ఆఫీసులో కూర్చునే తనిఖీ పుస్తకం నింపారు. నేను మాత్రం అన్ని కట్టలూ నడిచాను. ఆ సంగతి గొప్పకు చెప్పడం లేదు. చూడలేదు, నాకు తెలియదు అనే వీలు నాకు లేదని చెప్పడానికే రాస్తున్నాను.

శేరిగూడ దాటి కొంత దూరం పోతే ఒక ఊరుండేది. దాని పేరు రాయను. ఆ ఊరి చెరువుకు నీరటి సాయిలు. నీరటి అంటే తూము తెరిచి మూసేవాడు, పొలాలకు వంతుల వారీగా నీళ్లు వదిలేవాడు, వానాకాలం కట్టను కాసేవాడు. ఆ పని తాతల నాటి నుంచి వాళ్లింటిదే, దానికింద కొంచెం మాన్యం భూమి ఉండేది. సాయిలుకు నలభై ఏళ్లుంటాయి. కట్టలో ఎలుక బొక్క ఎక్కడుందో కాలితో తొక్కి చెప్పేవాడు.

జూన్‌లో నేను పోయినప్పుడు నన్ను నేరుగా మత్తడి కాలువ దగ్గరికి తీసుకుపోయాడు. ఊళ్లో దిగిన పోలీసు క్యాంపువాళ్లు తమ లారీలు దాటడానికని కాలువకు అడ్డంగా రాళ్లూ మొరమూ పోసి బాట చేసుకున్నారు. నీళ్లు పోవడానికి కింద ఒక గూన కూడా వేయలేదు.

"నీళ్లు యాడికెళ్లి పోవాలె సాబ్?" అన్నాడు సాయిలు. "జర పెద్దసార్లకు చెప్పు. నేను చెప్తే నన్ను సంగపోడంటరు."

తనిఖీ పుస్తకంలో రాసుకున్నాను. ఉత్తరం కూడా తయారుచేశాను. మా ఓవర్సీరు సాహెబ్ మంచివాడే, పింఛనుకు దగ్గర పడ్డవాడు. ఉత్తరం చదివి పక్కన పెట్టి, పోలీసులతో మనకెందుకు, ఈ ఏడు వానలు తక్కువే ఉన్నాయి, చూద్దామన్నారు. నేను మళ్లీ అడగలేదు.

సెప్టెంబరు మొదట్లో ముసురు పట్టింది. మూడో రోజు పొద్దున సాయిలు భార్య బాలమ్మ గోనె కొప్పెర కప్పుకుని, మోకాళ్ల దాకా బురదతో ఆఫీసుకు వచ్చింది.

"నీళ్లు కట్టకు జానెడు కిందున్నయ్ సాబ్. మత్తడి దుంకుతలేదు, నీళ్లు ఎనుకకు తన్నుతున్నయ్. కట్టను ఉత్తరం దిక్కు కొసకు కొయ్యమంటరా అని అడిగి రమ్మన్నడు."

సాయిలు అడిగింది సరైన పనే. చెరువు తెగడం ఖాయమనుకున్నప్పుడు కట్ట కొసన, కింద గట్టి మొరం ఉన్నచోట మనమే కోస్తాం. అక్కడ కోత లోతుకు దిగదు, మీది నీళ్లు మాత్రమే పోతాయి. వదిలేస్తే కట్ట నడుమ తెగుతుంది, చెరువు మొత్తం ఒక్కసారి బయట పడుతుంది. ఆ ఊళ్లో కట్ట నడిమికి సరిగ్గా కిందనే బెస్తల ఇళ్లూ కూలివాళ్ల గుడిసెలూ ఉన్నాయి. ఉత్తరం కొస కింద దొర వరి మళ్లు ఉన్నాయి.

అయితే కట్ట కోయడానికి ఇంజనీరు హుకుం కావాలి. ఓవర్సీరు సాహెబ్ పట్నానికి మనిషిని పంపారు. నేను బాలమ్మతో, హుకుం వచ్చేదాకా ఎవరూ కట్ట ముట్టుకోవద్దని సాయిలుకు చెప్పమన్నాను.

ఆమె నా మొహం చూసింది. "హుకుం వచ్చేదాంక నీళ్లు ఆగుతయా సాబ్?" అని, జవాబు కోసం ఆగకుండా వానలోకి పోయింది.

హుకుం రాలేదు. మధ్యాహ్నం దాటాక నేనే బయల్దేరాను. చేరేసరికి పని అయిపోయింది. సాయిలూ మరో పదిమందీ గడ్డపారలతో ఉత్తరం కొస కోశారు. దొర మళ్లు మునిగాయి, పోలీసుల బాటలో సగం కొట్టుకుపోయింది. కింది ఇళ్లలో ఒక్క కుండ కూడా పగల్లేదు. సాయిలు కట్ట మీద గొంతుకూర్చుని ఉన్నాడు. "మీ మాట కాదన్న సాబ్. తప్పలే," అన్నాడు. మంచి పని చేశావని నేను అనలేదు. అనాలని ఉండింది. నాలుగడుగుల దూరంలో పోలీసులు నిలబడి ఉన్నారు.

మర్నాడు అమీన్ సాబ్ దగ్గరి నుంచి మా ఆఫీసుకు కాగితం వచ్చింది. అమీన్ అంటే ఇప్పటి సబ్ ఇన్‌స్పెక్టరు. ప్రశ్న ఒక్కటే: గండి పడిందా, కొట్టారా? కోత అంచులు చూస్తే చాలు చెప్పొచ్చు. దానంతట అది పడిన గండికి అంచులు విరిగి వాలి ఉంటాయి. ఇక్కడ అంచులు నిట్టనిలువుగా ఉన్నాయి, గడ్డపార గాట్లు స్పష్టంగా ఉన్నాయి. కొట్టారని రాశాను. రెండో పేరాలో మత్తడి కాలువ పూడ్చిన సంగతి, నీరటి మనిషిని పంపి అనుమతి అడిగిన సంగతి రాశాను. ఓవర్సీరు సాహెబ్ రెండో పేరా మీద వేలు పెట్టి, "అడిగింది ఒక్కటే బాబూ, చెప్పేది ఒక్కటే," అన్నారు. పైగా ఆ పేరా ఉంటే అమీన్ సాయిలుతో పాటు నన్నూ దోషిగా నిలబెడతాడన్నారు. అది నిజమే. నేను భయపడ్డాను. కాగితం మళ్లీ శుభ్రంగా రాసి సంతకం పెట్టాను. "అనుమతి లేకుండా గడ్డపారలతో కొట్టిన గండి." అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు.

సాయంత్రానికి సాయిలును పట్టుకుపోయారు, సంగపోడు సర్కారు చెరువును ధ్వంసం చేశాడని.

కొన్ని రోజులకే పోలీసు చర్య జరిగింది. ఇండియా పటాలం వచ్చింది, రజాకార్లు పోయారు, ఊళ్లోని క్యాంపు లేచిపోయింది. ఇక సాయిలు వస్తాడనే అనుకున్నాను. బాలమ్మకు కూడా అదే చెప్పాను. కానీ కొత్త అధికారులు కూడా సంగంవాళ్లను వెతుకుతున్నారు. సాయిలు ఫైలు పాత చేతుల నుంచి కొత్త చేతుల్లోకి అట్లాగే మారింది. అందులో నిపుణుడి రిపోర్టు ఒకటుంది, నాది. అప్పుడు తెలివొచ్చి మత్తడి కాలువ గురించి వేరే ఉత్తరం రాశాను. ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదని అడిగారు. ఉత్తరాన్ని ఫైలులో పెట్టేశారు.

కోసిన గండిని పూడ్చాం. మరమ్మతు పనికి ఆధారం కూడా ఆ రిపోర్టే. అందులో కాలువ మాట లేదు కాబట్టి కాలువలో మిగిలిన రాళ్లు తీయడం పనిలో చేరలేదు. ఈలోగా నాకు వేరే చోటికి బదిలీ అయింది. కాలువ సంగతి నా తర్వాత వచ్చినవాడికి నోటితో చెప్పి పోయాను.

రెండేళ్లకు మళ్లీ ముసురు పట్టింది. నీళ్లు కట్టకు ఎక్కుతుంటే ఊరంతా చూస్తూ నిలబడ్డారట. కొత్త నీరటి గడ్డపార ముట్టుకోలేదు. ముట్టుకుంటే ఏమవుతుందో ఆ ఊళ్లో అందరికీ తెలుసు. కట్ట నడుమ తెగింది. గుడిసెలు చాలా వరకు పోయాయి. ఎక్కువమంది గుట్ట ఎక్కి బతికారు. నడవలేనివాళ్లు ఇద్దరు పోయారు. వాళ్లలో ఒకరు సాయిలు తల్లి. బాలమ్మ ఆమెను వీపున మోసుకుపోతుంటే నీళ్లు లాక్కున్నాయట. కబురు తెలిసి వచ్చాను. నన్ను చూసి బాలమ్మ గుట్టవైపు నడిచిపోయింది.

సాయిలు ఆ తర్వాతి ఏడు విడుదలయ్యాడు. అప్పటికి మాన్యమూ నీరటి పనీ వేరేవాళ్ల చేతిలో ఉన్నాయి. కొత్త కట్ట మీద కలిశాను. మనిషి సగమయ్యాడు. తిడతాడనుకున్నాను. తల్లి మాట ఎత్తలేదు.

"మత్తడి కాలువల రాళ్లు తీసిండ్రా సాబ్?"

"తీసినం."

"ఎప్పుడు?"

"కట్ట తెగినంక."

తల ఊపాడు. కట్ట దిగి ఊరివైపు నడిచాడు. నేను వెంట పోలేదు.

ఆ తర్వాత ముప్ఫై ఏళ్లు ఉద్యోగం చేశాను. గండి మీద రిపోర్టు అడిగిన ప్రతిసారీ, ప్రశ్న ఏదైనా సరే, నీళ్లు పోయే దారి ఎలా ఉండిందో ముందు రాసి తర్వాతే మిగతాది రాశాను. ఆ భాగం తీసేయమని రెండుసార్లు పైవాళ్లు చెప్పారు. తీయలేదు. ఒకసారి దానికి దూరం బదిలీ వచ్చింది, పోయాను. నా కింద పనిచేసినవాళ్లకు చెప్పింది కూడా ఇదే: తర్వాత వచ్చే అధికారి ఆ రోజు వానలో నిలబడి ఉండడు. అతనికి తెలిసేది మీరు రాసినంత వరకే. రాయకుండా దాచుకున్నది మీ మనసులో ఎన్నేళ్లున్నా, చెరువుకూ మనిషికీ పనికిరాదు.