గోధుమరంగు చొక్కా

కోతుల మీద పరిశోధన చేసే ఆమె ఒంటిమీద మూడేళ్లుగా అదే గోధుమరంగు చొక్కా. "ఏంటే, అది ఒంటికి అతుక్కుపోయిందా?" అని ఇంటికి వెళ్లినప్పుడల్లా వాళ్లమ్మ సణుగుతుంది. బట్టలు మారిస్తే కోతులు బెదురుతాయి, బెదిరితే దగ్గరికి రానివ్వవు, రానివ్వకపోతే థీసిస్ లేదు. అందుకే తెల్లవారగానే అడవిలోకి వెళ్లి, వాటి కళ్లలోకి చూడకుండా, ఆకులు నములుతున్నట్టు నటిస్తూ సాయంత్రందాకా కూర్చునేది. మొదటి ఏడాది ఆమెను చూడగానే చెట్లెక్కేవి. మూడో ఏడు ఒక కుంటి ముసలికోతి వచ్చి ఆమె బూటు లేసు విప్పింది. ఆ రోజు నోటుబుక్కులో అంకెలేవీ రాయలేదు. "నన్ను నమ్మాయి" అని మాత్రం రాసుకుంది.

వేటగాళ్లు ఆ కోతుల్లో పదకొండింటిని వలేసి పట్టుకుపోయిన మర్నాడు అడవి కాపలాదారు తల దించుకుని చెప్పాడు: "ఒక్కటీ చెట్టెక్కలేదమ్మా. మనుషులంటే అందరూ మీలాంటివాళ్లే అనుకున్నాయి." ఆమె థీసిస్ పక్కన పెట్టేసింది. మిగిలిన ఆరింటినీ కాపాడటమే ఇప్పుడు పని. కాపాడటమంటే, అదే చొక్కా వేసుకుని, డబ్బా వాయిస్తూ, అరుస్తూ, రాళ్లు విసిరి మనిషంటే భయం నేర్పడం. ఐదు నేర్చుకున్నాయి, అల్లంత దూరాన చొక్కా కనిపిస్తే చాలు, పైకొమ్మలకు పరుగు. కుంటిదే మొండికేసింది. నిన్న విసిరిన రాయి దాని భుజానికి తగిలింది. అది ఆ రాయిని ఏరుకుని, తినేదేమోనని వాసన చూసి, కుంటుకుంటూ వచ్చి ఆమె బూటు లేసు విప్పసాగింది. ఆమె కాలు వెనక్కి లాక్కుని, ఇంకో రాయి తీసింది.