పప్పుగిన్నెలో లారీ తాళం

కువైట్‌లో, షువైఖ్ గరాజులో నా కాలి మీద లారీ ఇంజను పడింది. ఇంజనంటే, గేర్‌బాక్సు. అదైనా పూర్తిగా పడలేదు. జాకీ జారి దాని మూల తగిలిందంతే. ఎముక మాత్రం నిజంగానే విరిగింది, ఎక్స్‌రే సాక్ష్యం. ఆపరేషన్ చేసి రాడ్డు వేశారు. ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు చేతిలో ట్రమడాల్ క్యాప్సూళ్లు పెట్టారు.

వార్డు డాక్టరమ్మ మన తెలుగావిడే. “ఇది మామూలు నొప్పి మాత్ర కాదండీ. ఎముకను అతికించదు. నొప్పి కబురు మెదడుకు చేరే దారిలో కూర్చుని, ఆ కబురును మెత్తబరుస్తుంది” అంది.

“ఆయిలు లేదని లారీలో ఎర్రదీపం వెలిగితే, ఆయిలు పోయకుండా బల్బు పీకేసినట్టన్నమాట” అన్నాను.

నవ్వింది. “పూర్తిగా పీకం, మసకబారుస్తాం. మీరు నిద్రపోవాలి, లేచి నడక మొదలుపెట్టాలి కదా.” చెప్పిన వేళకే, నమలకుండా మింగాలంది. నిద్ర మాత్రలూ జలుబు మందులూ సొంతంగా కలపొద్దంది, కలిస్తే ఊపిరే మందగించొచ్చట. బండి నడపొద్దు, ఇంకొకరికి ఇవ్వొద్దు. ఒళ్లు దానికి అలవాటు పడుతుంది కాబట్టి ఆపేటప్పుడు కూడా తను చెప్పినట్టే కొంచెం కొంచెంగా తగ్గించాలంది. మలబద్ధకం వస్తుంది, నీళ్లు బాగా తాగమంది. చెప్పడం ఆమె ధర్మం, అనుభవించడం నా కర్మ.

ఇప్పుడు పనివాళ్లమంతా కలిసి ఉండే మా గది ఆచారం ఒకటి చెప్పాలి. కిటికీలో ఒక బిస్కెట్ డబ్బా ఉండేది. సెలవుకెళ్లి వచ్చిన ప్రతివాడూ, తెచ్చిన ఆవకాయ అందరికీ వడ్డించినట్టే, తెచ్చిన మాత్రలన్నీ అందులో పోసేవాడు. నొప్పొచ్చినవాడు ఎవర్నీ అడగకుండా రంగు చూసి తీసుకునేవాడు. మాత్ర దాచుకోవడమంటే ఉప్పు దాచుకున్నంత తప్పు. నేను నా క్యాప్సూళ్లను పెట్టెలో పెట్టి తాళం వేశాను.

నా పక్క మంచం కడప వైపు వాడిది. లారీ డ్రైవరు. నేను మంచాన పడ్డప్పటి నుంచి నాకు స్నానానికి బకెట్టు మోసింది వాడే. ఒక మధ్యాహ్నం నడుము పట్టుకుని వచ్చాడు.

“అన్నా, నడుం బట్టేసింది. నీ మాత్ర ఒకటి ఇయ్యి.”

“అది ఇచ్చేది కాదురా. మత్తొస్తుంది.”

“మత్తేంది? నువ్వు మింగి కూకోని బాగనే మాట్లాడ్తాండావు గదా!”

“నేను నడిపేది మంచం. నువ్వు నడిపేది లారీ.”

సాయంత్రంలోగా వాడు అమ్ఘరాకి ఇనుప కడ్డీల లోడు చేర్చాలి. ముదీర్, అంటే వాడి మేనేజరు, ఫోన్లో “యల్లా, యల్లా” అని తొందరపెడుతూనే ఉన్నాడు. మాత్ర వేసుకోకపోతే వీడి నడుము వంగదు. వేసుకుని ఆ బరువుతో రోడ్డెక్కితే వీడి ప్రాణం పోతుందో, ఎదురొచ్చేవాడిది పోతుందో.

“నీ బకెట్టు మోసినోనికి ఒక మాత్ర లేదా అన్నా? తాళమేసుకోని కూకున్నావే, బంగారు బిస్కెట్లా అవి?”

పొయ్యి దగ్గర నుంచి ఎవరో అందుకున్నారు: “గోదారోళ్ల మర్యాదంతా మాటల్లోనే ఉంటాదిలే!”

గోదారివాణ్ణి కదా, ఆ మాట గుచ్చుకుంది. పైగా నేను గంట కిందటే క్యాప్సూల్ మింగి ఉన్నాను. కాలు పక్కింటివాళ్ల కాలులా ఎక్కడో ఉంది. మనసు మహారాజులా ఉంది.

“సరే, పందెం. నీ లారీ తాళం నా మీదికి విసురు. పట్టుకున్నానా, పెట్టె తాళం నీదే. పట్టుకోలేదా, మాత్రా లేదు, ఇవాళ్టికి లారీ కూడా లేదు.”

“ఎగిరే ఈగను ఒంటిచేత్తో పట్టేటోనివి, తాళమొక లెక్కా!”

ఈగ సంగతి నేనే చెప్పాను. ఆ ఈగ పానకంలో పడి ఉందని చెప్పలేదు.

పసిపిల్లాడికి విసిరినట్టు మెల్లగా విసిరాడు. నేను చెయ్యి చాపాను. చాలా అందంగా చాపాను. అప్పటికే తాళం నా చెవి పక్కనుంచి వెళ్లి పప్పుగిన్నెలో పడింది. నేను గుప్పిట బిగించి నవ్వుతున్నాను.

గదంతా గొల్లుమంది. వాడు నవ్వలేదు.

“తాళం యాడుంది, నీ చెయ్యి యాడుంది... ఇంతసేపూ సక్కంగనే మాట్లాడితివి గదన్నా!”

పప్పులోంచి తాళం తీసి కడిగాడు. ముదీర్‌కి ఫోన్ చేసి, నడుము ఖలాస్, ఇవాళ బండెక్కలేనన్నాడు. అటునుంచి కేకలు మా అందరికీ వినబడ్డాయి. వాడు ఫోన్‌ని చెవికి దూరంగా పట్టుకుని ఓపిగ్గా నిలబడ్డాడు. లోడు ఇంకో డ్రైవరు తీసుకెళ్లాడు. మర్నాడు క్లినిక్‌లో వీణ్ణి చూసి, కండరం పట్టేసిందని మామూలు మాత్రలు రాసి పంపారు. వాడి నడుముకు ట్రమడాల్ అక్కర్లేదట.

నావి చెప్పినట్టే తగ్గించి ఆపేశాను. మిగిలినవి ఆసుపత్రి మందుల కౌంటర్‌లో తిరిగి ఇచ్చేశాను. డబ్బాలో వెయ్యలేదు, ఎవరూ అడగలేదు కూడా.

ఊళ్లో ఈ కథ చెప్పినప్పుడల్లా, వాడికి బుద్ధి రావాలని కావాలనే తాళం వదిలేశానంటాను. మీ దగ్గర దాపరికం దేనికి? పట్టుకుందామనే చెయ్యి చాపాను. పట్టుకున్నాననే అనుకున్నాను. గుప్పిట విప్పి చూసుకునేదాకా, కావాలంటే ఆ లారీ కూడా నేనే నడిపి వస్తానన్నంత ధీమాగా ఉన్నాను.

కడప వాడికి ఇది ముందే తెలుసు. ఇప్పటికీ ఫోన్ చేస్తే, ఒంట్లో ఎలా ఉందని అడిగే ముందు ఒకటే మాట:

“అన్నా, తాళం దొరికిందా?”