మొక్కు గుర్తుచేసిన మెయిల్

తిరుత్తణిలో పూజాసామగ్రిని ఆన్‌లైన్‌లో అమ్మే అంగడిలో నాకు ఉద్యోగం. కొనేవాళ్లకు మెయిళ్లు రాయడం నా పని. మురుగుడి మొక్కులు తీర్చుకునే ఆడికృత్తిక పండక్కి ముందు, "మురుగుడి మొక్కు మరిచారా? సామి చూస్తున్నాడు" అని మెయిల్‌కు శీర్షిక పెట్టమన్నాడు యజమాని.

"సామి పేరు చెప్పి బెదిరించకూడదన్నా," అన్నాను.

"బెదిరితేనే తెరుస్తారమ్మా," అంటూ ఆయనే పంపేశాడు.

మధ్యాహ్నం పాండూరుకు చెందిన ఒకాయన ఫోన్ చేశాడు.

"అక్కా, మా పిల్లోడికి ఫిట్స్ వచ్చి తిరువళ్లూరు ఆస్పత్రిలో చేర్చినాము. ఇప్పుడే మీ మెయిల్ చూసినా. వాడి గుండు మొక్కు మరిచిపోయినామక్కా! సెలైన్ తీయించి కొండకు తెస్తా ఉండాము. పూజ సామాన్లు తీసిపెట్టండక్కా."

"యాడుండారన్నా? ఆరుగురు తల్లుల పాలు తాగి పెరిగిన సామి పసిబిడ్డ మీద పగపడతాడా? వెనక్కి తిప్పండి!" అని అరిచాను.

ఫోన్ తెగిపోయింది. ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. షణ్ముఖ నామం పలుకుతూనే పాత ఆర్డర్లలో ఆయన మెయిల్ అడ్రసు వెతికాను.

చివరికి, "పిల్లోడు ఎట్లుండాడు?" అనే శీర్షికతో ఆయన ఒక్కడికే మెయిల్ పెట్టాను. సాయంత్రం జవాబు వచ్చింది.

"ఆస్పత్రికే తిప్పేసినామక్కా. కండ్లు తెరిచినాడు."

ఇప్పుడు ఏ మెయిల్ రాసినా, జబ్బుపడ్డ బిడ్డ పక్కన కూర్చున్న తండ్రి దాన్ని తెరుస్తున్నట్టే ఊహించుకుంటాను.