ఆర్వా రెండో చెంప

మా చెల్లెలు ఆర్వాకి నాలుగేళ్ళప్పుడు, అమ్మ ఆప్రికాట్ జామ్ కాస్తుంటే మరుగుతున్న గిన్నె దాని మీద ఒరిగింది. ఎడమ చెంప కాలింది. కన్ను కిందికీ, పెదవి మూల పక్కకీ లాక్కుపోయాయి. కుడి చెంప లాంటిది మాత్రం మా సాల్ట్ లేక్ ఊరంతా వెతికినా దొరకదు. "మా సగం పిల్ల" అనేది అమ్మ చుట్టాలతో, నవ్వుతూనే.

పెద్దయ్యాక ఆర్వా కొండ మీది యూనివర్సిటీ క్యాంటీన్‌లో వడ్డనకి చేరింది. అక్కడ లైల్ అనే విద్యార్థి కంప్యూటర్‌తో మనిషి మొహాన్ని కదిలించాలని చూస్తున్నాడు. అప్పట్లో కదిలే బొమ్మలంటే చేత్తో వేలకొద్దీ గీసినవే. ఇతను మొహం మీద గళ్ళు గీసి, ఆ గళ్ళ మూలలు కొలిచి, ఆ కొలతలు యంత్రానికి ఇస్తాడట. క్లాసులో ఆడపిల్లలెవరూ ఒప్పుకోకపోతే ఆర్వాని అడిగాడు.

"సగం కొలిస్తే చాలండీ. రెండో సగం అద్దంలోలాగా యంత్రమే వేసుకుంటుంది."

"ఏ సగం?"

"బాగున్నదే లెండి."

ఆ సాయంత్రం మా వంటింట్లో కూర్చుని, "అక్కా, కాలకపోతే ఎలా ఉండేదాన్నో ఒక్కసారి చూసుకుంటా" అంది. ఇంకేం అడగలేదు అది జీవితంలో.

శనివారం లైల్, ఎందుకైనా మంచిదని, మొహమంతా నల్లసిరాతో గళ్ళు గీసి ఎదురుగా ఫొటో తీశాడు. పక్కనుంచి తీసేది సోమవారం, అందాకా కడగొద్దన్నాడు. ఆదివారం అమ్మ చూసింది.

"ఏమే, ఆ గళ్ళ మొహంతో చర్చిలో ప్రభువు రొట్టె తింటావా?"

"రేపటిదాకా కడగొద్దన్నారమ్మా."

"దేవుడికంటే వాడెక్కువా? ఇటు రా!"

వంటసోడాతో కుడి చెంప ఎర్రబడేదాకా తోమింది. ఎడమ చెంప ముడితే నెత్తురొస్తుంది కనక దాని మీదుగా స్కార్ఫ్ కట్టి చర్చికి తీసుకెళ్ళింది.

సోమవారం లైల్ తల పట్టుకున్నాడు. మళ్ళీ గీస్తే శనివారం ఫొటోతో కలవదు. ఈ పనికి డబ్బిచ్చే పెద్దలు తూర్పు నుంచి చూడటానికి వస్తున్నారు, వ్యవధి లేదు. గళ్ళు మిగిలిన చెంపనే ఫొటో తీసుకున్నాడు.

"మచ్చ యంత్రానికి కనపడదండీ, భయపడకండి," అన్నాడు. ఆర్వా నమ్మింది.

లైల్ ఆ కొలతలతో చేసిన సినిమా వేసే రోజున జుట్టు రింగులు తిప్పించుకుంది. అమ్మనీ నన్నూ ముందు వరసలో కూర్చోబెట్టింది. దీపాలార్పారు. తెర మీద సున్నపు బొమ్మలాంటి మొహం మెల్లగా ఇటు తిరిగి కళ్ళు తెరిచింది. రెండు కళ్ళూ కిందికి జారి ఉన్నాయి. నవ్వితే రెండు వైపులా మూతి లాక్కుపోయింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. నిమిషం కూడా లేదు. తర్వాత అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

లైల్ ఆర్వాని తెర దగ్గరికి పిలిచాడు. తూర్పు నుంచి వచ్చిన పెద్దాయన ఆమె కుడి చెంపని తన అరచేత్తో కప్పి తెర వంక చూశాడు.

"అచ్చు ఇదే! కాలిన ముడతతో సహా పట్టిందయ్యా!"



కారులో అమ్మ అంది: "నేను ఒకటే కాల్చాను. రెండోది వాళ్ళు కాల్చారు."

వారం తర్వాత ఆర్వా క్యాంటీన్ వరసలో లైల్‌కి బంగాళాదుంపలు వడ్డిస్తూ, మంచి వైపు మళ్ళీ కొలవమని అడిగిందట.

"ఎందుకండీ?" అన్నాడు అతను. "అలాంటి మొహాలు బోలెడు. మిమ్మల్ని దీంతోనే గుర్తుపెట్టుకుంటారు."

అతని మాట పొల్లు పోలేదు. ఆ విద్య నేర్పేచోట ఇప్పటికీ మొదటి పాఠంలో ఆ మొహమే వేసి చూపిస్తారట, ఇక్కణ్ణుంచే మొదలైందని. పిల్లలు నవ్వుతారట.

మొన్న వసంతంలో ఆర్వా పోయింది. పత్రికలో వేయమని నా పెళ్ళినాటి ఫొటో ఇచ్చాను. అందులో దాని కుడి చెంపే కనిపిస్తుంది. పత్రికవాళ్ళు ఫోన్ చేసి, "మా దగ్గర అంతకంటే మంచిది ఉందమ్మా, అందరూ ఎరిగింది" అన్నారు. తెర మీది ఆ మొహాన్నే వేశారు. మా చర్చి బిషప్ గారి భార్య ఆ ముక్క అందంగా కత్తిరించి, చావింటికని మాకు తెచ్చిన బంగాళాదుంపల వంటకం మూత మీద పెట్టింది.

"దాచుకోండి సిస్టర్," అంది.