ఓటు మింగిన అయ్యవారు

అనంతయ్య అయ్యవారికి ఈ లోకంలో ఉన్నది ఒకే ఒక్క కోరిక: నంద్యాలకు బదిలీ. మోక్షం సంగతి ఆ తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు. నంద్యాల బజారులో ఆయన తండ్రికి కిరాణా అంగడి ఉంది. కొత్తగా పెళ్ళాడిన ఇందుమతి అక్కడే అత్తమామల దగ్గర ఉండిపోయింది. ఒకసారి కాపురానికని శిరివెళ్ల మీదుగా బస్సులో ఆయన బడి ఉన్న పల్లెకు వచ్చింది కూడా. బస్సు ఆగేసరికి రోడ్డుకు ఇటొక గుంపు, అటొక గుంపు కట్టెలు పట్టుకొని నిలబడి ఉన్నాయి. ఆమె దిగలేదు. అదే బస్సులో ఆళ్ళగడ్డ దాకా పోయి, అదే బస్సులో తిరిగి నంద్యాలకు చేరింది.

"నువ్వన్నా ఈడికి రాల్ల, బడన్నా ఈడికి రాల్ల. నేను మాత్రం ఆ ఊర్లో కాలు పెట్టను" అని కబురంపింది.

ఆ ఊళ్ళో రెండు మిద్దెలు. ఎగువనున్న పైమిద్దెకు పెద్దదిక్కు రామేశ్వరమ్మ, దిగువనున్న కిందిమిద్దెకు ఆదినారాయణ రెడ్డి. వరసకు వదినా మరుదులు. వాళ్ళ తాతల నాడు ఒక పొట్టేలు గట్టు మీద నిలబడి తుమ్మితే, అది ఎవరి చేలో తుమ్మినట్టు అన్న దగ్గర తగువు మొదలైందట. పొట్టేలు పోయింది, తాతలూ పోయారు. తుమ్ము మాత్రం ఊళ్ళో ఇంకా వినబడుతూనే ఉంది. మిగతా జనం పైమిద్దె బావిలో నీళ్ళు తోడుకోవాలి, కిందిమిద్దె కళ్ళంలో కూలి చెయ్యాలి. అందుకని వాళ్ళు ఎవరి వంక చూసి నవ్వినా, వెంటనే రెండో వైపు తిరిగి అంతే నవ్వు నవ్వేవాళ్ళు.

రాష్ట్రం పేరూ రాజధానీ మారిన కొన్నాళ్ళకు పెద్ద ఎన్నికలు దగ్గరపడ్డాయి. స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగారికి ఉత్సాహం పుట్టింది. పిల్లలకు ప్రజాస్వామ్యం నేర్పాలనీ, బడిలో నాయకుడి ఎన్నిక జరపాలనీ, తాను స్వయంగా వచ్చి చూస్తాననీ చెప్పాడు. "నంద్యాలలో ఒక ఖాళీ ఉందయ్యా" అని చివర్లో ఒక మాట జారవిడిచాడు. అనంతయ్యకు ప్రజాస్వామ్యం మీద అప్పటికప్పుడు అపారమైన భక్తి కలిగింది.

పాఠం మొదలైంది.

"మనల్ని ఏలేవాళ్ళను మనమే ఎంచుకుంటాం. వాళ్ళు పోయి ఢిల్లీలో, పార్లమెంటులో కూర్చుంటారు. మన రాష్ట్రానికి శాసనసభ ఉంది. మొన్నటి దాకా కర్నూల్లో ఉండె, ఇప్పుడు హైదరాబాదుకు పోయింది."

"ఆడ నించి యాడికి పోతాది అయివారూ?" అంది ముందు వరసలో కూర్చున్న దానమ్మ. ఏది చూసినా పైకి అనకుండా ఉండలేని పిల్ల.

"యాడికీ పోదు. కూర్చో."

"పార్లమెంటులో ఏం చేస్తారు?"

"ఒకరు చెప్పిండేది ఇంకొకరు కాదంటారు."

"కట్టెల్తోనా?"

"నోటితో."

పిల్లలు నిరుత్సాహపడ్డారు.

"ముఖ్యమైంది ఇంకోటుంది. ఓటు ఎవరికేసినామో ఎవరికీ చెప్పగూడదు. అమ్మకు గూడా."

"గట్టిగా అడిగితే?"

"నవ్వి ఊరకుండల్ల."

"నవ్వితే తంతారు గదా అయివారూ?"

అయ్యవారు పుస్తకం మూశాడు.

పోటీకి ఎవరైనా నిలబడవచ్చని ఆయన చెప్పాడు. మర్నాడు పైమిద్దె మనవడూ కిందిమిద్దె కొడుకూ నిలబడ్డారు. మిగతా పిల్లలకు ఉన్నట్టుండి నిలబడే ఓపిక పోయింది. అనంతయ్య లెక్క వేసుకున్నాడు. ఏ పిల్లాడు ఓడినా ఆ మిద్దె కట్టెలు లేస్తాయి. ఇన్‌స్పెక్టరు ఎదుట బడిలో తలకాయలు పగిలితే, నంద్యాల మాట దేవుడెరుగు, ఉన్న ఉద్యోగం దక్కదు. తక్కెడ ముందు పుట్టిన మనిషి గనుక రెండు పళ్ళాలూ సమంగా తూగితే చాలునని అహోబిలం నరసింహస్వామికి మొక్కుకున్నాడు.

ఎన్నిక రోజున ఇన్‌స్పెక్టరుతో పాటు రెండు మిద్దెల పెద్దలూ బడిలో కూర్చున్నారు, వాళ్ళ మనుషులు కట్టెలతో వాకిట్లో నిలబడ్డారు. పాత దుప్పటి ఒకటి అడ్డం కట్టి, దాని వెనక రెండు డాల్డా డబ్బాలు పెట్టారు. పైమిద్దె డబ్బాకు చేట గుర్తు, కిందిమిద్దె డబ్బాకు గంప గుర్తు. నచ్చిన డబ్బాలో చీటీ వెయ్యాలి. పోటీలో ఉన్న ఇద్దరూ తప్ప మిగతా పిల్లలు ఒక్కొక్కరే లోపలికి పోతున్నారు. ఇంచుమించు పోయిన ప్రతిసారీ పర్రుమని ఒక చప్పుడు. దుప్పటి చిరుగుతున్నదనుకున్నాడు అనంతయ్య.

డబ్బాలు తెరిచాక తెలిసింది. రెండింటి నిండా సగానికి చింపిన చీటీలే.

"ఏందయ్యా ఇది?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఒక పిల్లాడు లేచాడు. "పైమిద్దె బాయిలో నీళ్ళు చేదుకుంటాం సార్. కిందిమిద్దె కళ్ళంలో మా నాయన కూలి చేస్తాడు. అందుకే సగం ఈడ, సగం ఆడ ఏసినాం."

అటు కుర్చీలో రామేశ్వరమ్మ తలాడించింది. ఇటు మంచం మీద ఆదినారాయణ రెడ్డి తలాడించాడు. నరసింహస్వామి మాట విన్నాడని అనంతయ్య చెయ్యి డబ్బా అడుక్కు పోనిచ్చాడు. వేళ్ళకు ఒక చీటీ తగిలింది. చిరగలేదు. నిండు చీటీ.

ఈ ఊళ్ళో ఇంత ధైర్యం ఎవరికుందో ఆయనకు తెలియదు. ఏ డబ్బాలో ఉందో మాత్రం ఆయన ఒక్కడికే తెలుసు. ఇన్‌స్పెక్టరు సగాలకు జోడీలు వెతికే పనిలో తలమునకలై ఉన్నాడు. అనంతయ్య నిదానంగా తమలపాకు తీశాడు, సున్నం రాశాడు, వక్క పెట్టాడు, చీటీ కూడా పెట్టాడు, మడిచి నోట్లో వేసుకున్నాడు.

"అయివారు ఓటు తిన్యాడు!" అంది దానమ్మ.

వాకిట్లో కట్టెలు కదిలాయి.

"ఏ డబ్బాలోదయ్యా?" అని ఇన్‌స్పెక్టరు కుర్చీలోంచి లేచాడు.

అనంతయ్య మింగేశాడు. "రహస్య ఓటు సార్" అన్నాడు ఎర్రటి నోటితో. తరువాత తాను చెప్పిన పాఠమే గుర్తొచ్చి, నవ్వి ఊరుకున్నాడు.

సాయంత్రం రామేశ్వరమ్మ పిలిపించింది. "నువ్వు మింగిండేది మా ఓటే గదప్పా? ఓడిపోయినాడని మా మరిది తలదించుకోకుండా కాపాడినావు. పెద్దమనిషివి." అనంతయ్య నవ్వాడు. దారిలో ఆదినారాయణ రెడ్డి భుజం మీద చెయ్యేశాడు. "మాదే గదా అయివారూ? పోనీలే, ముసలామె ఉసురెందుకు పోసుకోల్ల." అనంతయ్య అంతే నవ్వు నవ్వాడు.

గెలిచామని రెండు మిద్దెలకూ గట్టి నమ్మకం కుదిరింది. గెలిచినవాడు ఓడినవాణ్ణి కొడితే ఏం మర్యాద? కట్టెలు అటకెక్కాయి. పొట్టేలు తుమ్మిన నాటి నుంచి ఏ మాట మీదా కలవని ఆ రెండు మిద్దెలు మొట్టమొదటిసారి కలిసి పై అధికారులకు ఒకే అర్జీ పెట్టుకున్నాయి: ఈ అయ్యవారిని ఊరి నుంచి ఎప్పటికీ కదిలించవద్దని. ప్రజాభిప్రాయం కదా, అధికారులు తలవంచారు. నంద్యాల ఖాళీ ఇంకెవరికో పోయింది.

కబురు విని అనంతయ్య అరుగు మీద దిగాలుగా కూర్చున్నాడు. వారం తిరిగేసరికి బస్సు ఆగింది, ట్రంకుపెట్టెతో ఇందుమతి దిగింది.

"ఈ ఊర్లో కాలు పెట్టనంటివే!"

"ఇప్పుడు గూడా ఉండనీకి రాలేదు. నంద్యాల బజారంతా నన్నే అడుగుతాండారు. ఆ ఓటు ఎవరిదో చెప్పు, సాయంత్రం బస్సుకు పోతా."

అనంతయ్య లేచాడు. పెట్టె అందుకొని లోపల పెట్టాడు.

"రేపు చెప్తాలే" అన్నాడు.

వాళ్ళ నలుగురు బిడ్డలూ ఆ ఊళ్ళోనే పుట్టారు. ఇందుమతి అడుగుతూనే ఉంది. అయ్యవారు నవ్వి ఊరుకుంటూనే ఉన్నాడు.